పాత సీపీయూకి కొత్త డిస్కు: ఏ ఆలస్యం పోతుంది, ఏది పోదు

విజయనగరం గంటస్తంభం పక్క సందుల్లోని డీటీపీ సెంటర్లలో, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల నెట్ సెంటర్లలో బల్ల కింద దుమ్ము కొట్టుకుపోయిన సీపీయూలను తెరిచి చూస్తే తరచూ ఒకే సరంజామా కనిపిస్తుంది. రెండో జనరేషన్ ఐ3 లేదా మూడో జనరేషన్ ఐ5 ప్రాసెసర్, హెచ్61 రకం మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. 2011, 2014 మధ్య అసెంబుల్ చేయించిన మెషీన్లు ఇవి. యజమానులు పిసినారులు కాబట్టే వీటిని మార్చలేదనుకుంటే పొరపాటు. శుభలేఖలు, కరపత్రాలు వేసే చోట పనంతా తెలుగు అక్షరాలు కొట్టే అను స్క్రిప్ట్, పేజీలు పేర్చే పేజ్‌మేకర్ 7.0 మీద నడుస్తుంది. పేజ్‌మేకర్ 7.0 విడుదలైంది 2001లో. పెంటియం కాలంలో పుట్టిన ఆ సాఫ్ట్‌వేర్‌కి మూడో జనరేషన్ ఐ5 అంటేనే ఎక్కువ. పలాసలో జీడిపప్పు వ్యాపారి టాలీలో బిల్లు కొట్టడానికైనా, రాజాంలో ధాన్యం కొట్టు గుమాస్తా తూకం చీటీ ప్రింటు తీయడానికైనా కొత్త ప్రాసెసర్ వచ్చి చేసేదేమీ లేదు.

అయినా అందరి నోటా ఒకటే మాట: సిస్టం స్లో అయిపోయింది. పొద్దున్నే స్విచ్ వేసి, షాపు ఊడ్చి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించినా తెర మీద ఇంకా చుక్కలు తిరుగుతూనే ఉంటాయి. ఈ ఫిర్యాదుకి రెండు సలహాలు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, మొత్తం మార్చేయండి అని. రెండోది, హార్డ్ డిస్క్ బదులు తిరిగే భాగాలు లేని డిస్కు, అంటే ఎస్‌ఎస్‌డీ వేయించండి, రాకెట్‌లా పరిగెడుతుంది అని. వెంటనే పక్కనుంచి ఎవరో అంటారు: ఆ బోర్డుకి ఎస్‌ఎస్‌డీ దండగండీ, డబ్బా మీద రాసిన స్పీడు రాదు. మొదటి సలహా చాలామందికి అనవసరం. రెండోది సగం నిజం. పక్కనుంచి వచ్చిన మాటలో స్పీడు సంగతి నిజమే, తేల్చిన సంగతి మాత్రం తప్పు.

ఏ సలహా తీసుకునే ముందైనా ఆ ఆలస్యం ఎక్కడ పుడుతోందో కళ్లతో చూడాలి. దానికి టెక్నీషియన్ అక్కర్లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే విండోస్ 10లో టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్న చోటికి వెళ్లి, సిస్టం ఆన్ అయిన మొదటి ఐదు నిమిషాలు అలా చూస్తూ కూర్చోవాలి. హార్డ్ డిస్క్ మీద నడిచే పాత మెషీన్‌లో సాధారణంగా కనిపించేది ఇది: ప్రాసెసర్ ఇరవై, ముప్పై శాతం దగ్గర తీరిగ్గా ఉంటుంది. డిస్క్ మాత్రం 100 శాతానికి అతుక్కుపోయి ఉంటుంది. అదే పేజీలో కింద డిస్క్ చదువుతున్న వేగం చూస్తే సెకనుకి ఒక ఎంబీయో రెండు ఎంబీలో. నూరు శాతం కష్టపడుతూ ఒక్క ఎంబీ ఇవ్వడం ఏమిటి? ఈ ప్రశ్నకి జవాబు దొరికితే మిగతాదంతా తేలిపోతుంది.

హార్డ్ డిస్క్ లోపల పళ్లేలు నిమిషానికి 7200 సార్లు తిరుగుతాయి. అంటే సెకనుకి 120 చుట్లు, ఒక్కో చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం చదివే తల కిందికి వచ్చేదాకా సగటున అరచుట్టు ఆగాలి, అంటే 4.2 మిల్లీసెకన్లు. అంతకు ముందే ఆ తల సరైన వరస మీదికి జరగాలి, దానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో మిల్లీసెకన్లు. మొత్తం మీద ఒక్కో చిన్న ఫైలు వెతికి ఇవ్వడానికి దాదాపు 13 మిల్లీసెకన్లు. సెకనుకి డెబ్బయ్యయిదు, ఎనభై వెతుకులాటలు, అంతే. ఒక్కోసారి తెచ్చేది 4 కేబీల తునక అయితే సెకనుకి వచ్చేది మూడు వందల కేబీలు. డిస్క్ ఒళ్లు దాచుకోవడం లేదు. తహసీల్దారు ఆఫీసులో ఒక్కో కాగితానికీ రికార్డు రూముకి నడిచి వెళ్లి వచ్చే గుమాస్తాలాగా, దాని సమయమంతా నడకకే సరిపోతోంది.

సినిమా ఫైలు కాపీ చేసేటప్పుడు ఇదే డిస్క్ సెకనుకి వంద ఎంబీలు దాటి ఇస్తుంది, ఎందుకంటే ఆ ఫైలు వరసగా ఒకేచోట ఉంటుంది, నడక ఉండదు. విండోస్ లేచేటప్పుడు అలా కుదరదు. వేల కొద్దీ చిన్న ఫైళ్లు, అక్కడొకటి ఇక్కడొకటి. దానికి తోడు అదే సమయంలో యాంటీవైరస్ సోదా మొదలుపెడుతుంది, అప్‌డేట్ తన పని తాను చూసుకుంటుంది, సెర్చ్ ఇండెక్సింగ్ ఫైళ్లు లెక్కపెడుతుంది. అందరూ ఒకే గుమాస్తాని పిలుస్తారు. విండోస్ 7లో బాగా నడిచిన మెషీన్ విండోస్ 10 వేశాక కుంటుపడిందని జనం అనేది ఊహ కాదు. వెనకాల నడిచే పనులు పెరిగాయి, డిస్క్ నడక మాత్రం పాతదే.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, జరిగేది ఏమీ లేదు. ఫ్లాష్ మెమరీ చిప్పులు, వాటిని నడిపే కంట్రోలర్. చిన్న తునకని తెచ్చి ఇవ్వడానికి సుమారు మిల్లీసెకనులో పదో వంతు. పది వేల చిన్న ఫైళ్లు చదవాలనుకుంటే హార్డ్ డిస్క్‌కి కాగితం లెక్కన 130 సెకన్లు, ఎస్‌ఎస్‌డీకి ఒక్క సెకను. విండోస్ కొంత ముందే వరసపెట్టి చదువుకుంటుంది కాబట్టి ఆచరణలో తేడా ఇంత ఉండదు. కానీ నిమిషాల నిరీక్షణ సెకన్లలోకి దిగడం మాత్రం ఎవరైనా వాచీ పెట్టుకుని చూసుకోవచ్చు.

ఇక ఆ బోర్డుకి స్పీడు రాదన్న మాట. డిస్క్‌ని బోర్డుకి కలిపే తీగ, పోర్టుల పద్ధతి పేరు సాటా. అందులో మూడు తరాలున్నాయి, సెకనుకి 1.5, 3, 6 గిగాబిట్లు. ఎనిమిది బిట్ల సమాచారానికి తీగ మీద పది బిట్లు ఖర్చవుతాయి కాబట్టి ఈ అంకెల్ని పదితో భాగించాలి. అంటే సెకనుకి 150, 300, 600 ఎంబీలు, అవి కూడా గరిష్ఠం. హెచ్61 చిప్‌సెట్‌లో ఉన్న నాలుగు పోర్టులూ రెండో తరానివే. అంచేత 550 ఎంబీలని డబ్బా మీద రాసి ఉన్న ఎస్‌ఎస్‌డీ హెచ్61 మీద 270, 280 దాటదు. సగం స్పీడు పోయింది కదా అంటే, పోయింది. పోయింది ఎక్కడ? పెద్ద ఫైలు వరసగా కాపీ చేసేటప్పుడు. రోజువారీ పనిలో ఉండేది చిన్న తునకల చదువు. అందులో సాటా ఎస్‌ఎస్‌డీ ఇచ్చేది ఒకటొకటిగా అడిగితే సెకనుకి ముప్పై, నలభై ఎంబీలు. 300 ఎంబీల దారిలో నలభై ఎంబీలు సాఫీగా వెళ్లిపోతాయి. అదే పనిలో పాత డిస్క్ ఇచ్చింది అర ఎంబీ కూడా లేదు. దండగ అనేవాళ్లు చూసేది డబ్బా మీది అంకె. ఆ అంకె ఈ పనికి సంబంధించినది కాదు.

హెచ్81 బోర్డుల్లో, అంటే నాలుగో జనరేషన్ మెషీన్లలో, 6 గిగాబిట్ పోర్టులు రెండు, 3 గిగాబిట్‌వి రెండు. ఏది ఏదో బోర్డు మీదే పక్కన అచ్చు వేసి ఉంటుంది, ఎస్‌ఎస్‌డీని ఎక్కువ స్పీడు ఉన్న దానికే తగిలించాలి. హెచ్110 నుంచి నాలుగూ 6 గిగాబిట్‌వే. కోర్ 2 డ్యుయో కాలం జీ31, జీ41 బోర్డుల సంగతి వేరు. వాటిలో ఎక్కువగా ఉండే ఐసీహెచ్7 చిప్‌లో డిస్క్‌తో మాట్లాడే కొత్త పద్ధతి, అంటే ఏహెచ్‌సీఐ మోడ్ లేదు, ర్యామ్ కూడా సులువుగా పెంచలేం. అక్కడా ఎస్‌ఎస్‌డీ తేడా చూపిస్తుంది గానీ, బ్రౌజర్ తెరిచాక ఆ ప్రాసెసరే చేతులెత్తేస్తుంది. ఆఫ్‌లైన్‌లో పేజ్‌మేకర్ ఒక్కటే నడిపే మెషీన్ అయితే తప్ప దాని మీద డబ్బు పెట్టకపోవడమే నయం.

ఎన్‌వీఎంఈ అనేది ఇంకో రకం ఎస్‌ఎస్‌డీ. వేలెడు పొడవు పలక, సెకనుకి మూడు వేల ఎంబీలు దాటుతుంది. హెచ్61, హెచ్81 బోర్డులకి దాని కోసం ప్రత్యేకంగా స్లాట్ ఉండదు. గ్రాఫిక్స్ కార్డు స్లాట్‌లో అడాప్టర్ పెట్టి బిగించినా, స్విచ్ వేయగానే ముందు నడిచే ఆ బోర్డుల సొంత ప్రోగ్రాం బయోస్‌కి ఎన్‌వీఎంఈ నుంచి బూట్ అవడం సాధారణంగా తెలియదు. బయోస్‌ని మార్చి రాసి పని చేయించేవాళ్లు ఉన్నారు, సరదా ఉన్నవాళ్ల పని అది. షాపు మెషీన్‌తో చేసే ప్రయోగం కాదు. ఎం.2 స్లాట్ ఉన్న కాస్త కొత్త బోర్డు అయితే ఒక జాగ్రత్త: ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. ఆ ఆకారంలో సాటా ఎస్‌ఎస్‌డీలూ వస్తాయి, ఎన్‌వీఎంఈవీ వస్తాయి. బోర్డు దేన్ని తీసుకుంటుందో మాన్యువల్‌లో చూడకుండా విశాఖ వెళ్లి కొనుక్కొస్తే, తిరుగు ఛార్జీలు అదనం.

ఇప్పుడు పోని ఆలస్యాల సంగతి. నెట్ సెంటర్లో కస్టమర్ తిట్టుకునేది ఎక్కువగా దేని గురించి? ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లకి ఆఖరి రోజున, ఏదో సర్టిఫికెట్ గడువు దగ్గర పడ్డప్పుడు, పేజీ తెరుచుకోక, ఓటీపీ రాక. ఆ ఆలస్యం సర్వర్‌ది, లైన్‌ది. లోపల ఏ డిస్క్ పెట్టినా ఓటీపీ ఒక్క క్షణం కూడా ముందు రాదు. ఎస్‌ఎస్‌డీ వేయించాక కూడా సైట్ ఓపెన్ కావట్లేదని టెక్నీషియన్‌తో గొడవ పడేవాళ్లున్నారు. తేడా తెలుసుకోవడం తేలికే: పేజీ తిరుగుతున్నప్పుడు టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఖాళీగా ఉంటే తప్పు బయటిది.

ర్యామ్ చాలకపోవడం ఇంకొకటి, ఇది కాస్త మోసం చేస్తుంది. 4 జీబీ మెషీన్‌లో క్రోమ్‌లో పది ట్యాబులు తెరిస్తే ర్యామ్ నిండిపోయి విండోస్ మిగతాదాన్ని డిస్క్ మీదికి తోస్తుంది. తెర మీద మాత్రం డిస్క్ 100 శాతం అని కనిపిస్తుంది. ఎస్‌ఎస్‌డీ పెడితే ఆ తోపులాట బాధ తగ్గుతుంది కానీ జబ్బు అలాగే ఉంటుంది, పైగా ఆ రాతలన్నీ ఎస్‌ఎస్‌డీ ఆయుష్షు లెక్కలోకే వెళ్తాయి. అందుకే డిస్క్‌తో పాటు డీడీఆర్3 ర్యామ్ ఇంకో 4 జీబీ కార్డు వేయించడం మంచిది. సెకండ్ హ్యాండ్‌వి దొరుకుతాయి, హెచ్61 మొత్తం 16 జీబీ దాకా మోస్తుంది. పాత ర్యామ్ తీసినప్పుడు దాని కాళ్లని రబ్బరుతో రుద్దడం ఇక్కడ ప్రతి టెక్నీషియన్‌కీ అలవాటు. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అది ఉత్త అలవాటు కాదు, నిజంగానే అవసరం.

పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోలది మూడో రకం. మాఘ, ఫాల్గుణ మాసాల ముహూర్తాలు మొదలయ్యాయంటే రాత్రీ పగలూ ఫోటోషాపే. వందల ఎంబీల పీఎస్‌డీ ఫైలు తెరవడం, సేవ్ చేయడం, వెయ్యి ఫోటోల ఫోల్డర్ తెరిస్తే చిన్న బొమ్మలు రావడం, ఇవన్నీ ఎస్‌ఎస్‌డీతో బాగా తగ్గుతాయి. ఫిల్టర్ వేసినప్పుడు కదిలే గీత, వీడియో ఎక్స్‌పోర్ట్‌లో మిగిలిన సమయం, ఇవి ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డుల లెక్క. ఇక్కడ హెచ్61 బోర్డు 3 గిగాబిట్ పరిమితి కూడా కాస్త తగులుతుంది, ఎందుకంటే ఇవి పెద్ద ఫైళ్లు. ఆల్బమ్ పనే జీవనాధారమైన చోట పాత మెషీన్‌కి మరమ్మతు చేస్తూ పోవడం కన్నా కొత్తది కొనడమే లెక్కకి నిలుస్తుంది. డీటీపీ, టాలీ, బిల్లింగ్, నెట్ పనులకి ఆ అవసరం లేదు.

కొనేటప్పుడు ఎంత సైజు? ఇప్పుడు సి డ్రైవ్‌లో వాడుతున్న జాగాకి రెట్టింపు చూసుకుంటే చాలు. చాలా షాపులకి 240 లేదా 256 జీబీ సరిపోతుంది, డేటాకి పాత డిస్క్ ఉండనే ఉంటుంది. 256 జీబీ కొంటే విండోస్‌లో 238 అని కనిపిస్తుంది. షాపువాడు కొట్టేసింది ఏమీ లేదు, కంపెనీ వెయ్యితో లెక్కపెడుతుంది, విండోస్ 1024తో. ఆయుష్షు గురించి జనానికి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ టెన్షన్ ఉంది. కింగ్‌స్టన్ ఏ400, క్రూషియల్ బీఎక్స్500 లాంటి మామూలు రకాల్లో 240 జీబీ డ్రైవ్‌కి కంపెనీ చెప్పే రాత పరిమితి 80 టీబీ. రోజుకి 20 జీబీలు రాసినా అది నిండడానికి పదేళ్లకి పైనే పడుతుంది. బిల్లింగ్ కౌంటర్‌లో రోజుకి 20 జీబీలు రాయడం చాలా కష్టం. ఈ చౌక రకాల అసలు లోపం వేరేచోట ఉంది: వాటిలో డీర్యామ్ క్యాష్, అంటే ఏది ఎక్కడుందో చెప్పే పట్టికని పెట్టుకునే వేగమైన చిన్న మెమరీ, ఉండదు. దానికి తోడు పెద్ద కాపీ మధ్యలో తాత్కాలిక జాగా నిండిపోగానే వేగం ఒక్కసారిగా పడిపోతుంది. బిల్లింగ్‌కి అది తెలియను కూడా తెలియదు. స్టూడియోకి తెలుస్తుంది, కాబట్టి వాళ్లు శాంసంగ్ 870 ఈవో లాంటి క్యాష్ ఉన్నదానికి నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడం మంచిది. ఇక ఆన్‌లైన్‌లో వందల రూపాయలకే 2 టీబీ ఎస్‌ఎస్‌డీ అని కనిపించేవాటి జోలికి వెళ్లకూడదు. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, సైజు దొంగలెక్క చూపించేవి వాటిలో చాలా.

ధరలు ఆగి చూస్తే తగ్గుతాయన్న పాత అనుభవం ఇప్పుడు పనికిరావడం లేదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్, ఫ్లాష్ మెమరీ ధరలు పైకే వెళ్లాయి. విశాఖలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించినప్పుడు ఉద్యోగాల గురించే అందరూ మాట్లాడుకున్నారు. అలాంటి కేంద్రాలు ప్రపంచమంతటా లేస్తున్నందుకే నరసన్నపేటలో డీటీపీ షాపు కొనే చిన్న డిస్క్ కూడా ప్రియమైందని ఎవరూ అనుకుని ఉండరు. ఖర్చులో ఊరట ఒకటుంది: సాటా ఎస్‌ఎస్‌డీ ఈ మెషీన్‌తో పాటు పోయేది కాదు. రేపు బోర్డు కాలిపోతే ఊడదీసి ఇంకో దానికి తగిలించుకోవచ్చు. బిల్లు మాత్రం తీసుకోవాలి. జీఎస్టీ తప్పించుకుందామని బిల్లు లేకుండా కొంటే మూడేళ్లో ఐదేళ్లో ఉండే వారంటీకి చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

బిగించడం పది నిమిషాల పని. సీపీయూ పక్క రేకు రెండు స్క్రూలు తీస్తే ఊడుతుంది. ఎస్‌ఎస్‌డీకి రెండే తీగలు: సన్నటి డేటా కేబుల్, కరెంటు ఇచ్చే డబ్బా ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి వచ్చే వెడల్పాటి పవర్ కేబుల్. రెండు కొసలూ ఎల్ ఆకారంలో ఉంటాయి, తిరగేసి బలంగా తోస్తే ప్లాస్టిక్ నాలుక విరుగుతుంది. ఎస్‌ఎస్‌డీ రెండున్నర అంగుళాలు, పాత క్యాబినెట్‌లో జాగా మూడున్నర అంగుళాలది, కాబట్టి చిన్న బ్రాకెట్ కావాలి. దొరక్కపోతే రెండు స్క్రూలతో ఒక పక్కకి బిగించినా పరవాలేదు, లోపల కదిలేది లేదు కాబట్టి అదురుతో పనిలేదు. పాత డేటా కేబుల్ వదులుగా ఉంటే కొత్తది వేయాలి. వదులు కేబుల్ వల్ల వచ్చే హ్యాంగ్‌లని డిస్క్ పోయిందనుకుని మార్చేసినవాళ్లు తక్కువేమీ కాదు.

అసలు పని మార్పిడి. కొత్తగా విండోస్ వేసేస్తే శుభ్రంగా ఉంటుందని టెక్నీషియన్లు అంటారు, వాళ్లకి అది తేలిక కూడా. కానీ డీటీపీ షాపులో పదేళ్ల కింద వేసిన అను స్క్రిప్ట్ సీడీ ఎక్కడుందో, కీ ఎవరి దగ్గరుందో తెలియదు. పాత ప్రింటర్ డ్రైవర్ ఇప్పుడు దొరకదు. ఫాంట్లు ఒక్కొక్కటి ఎక్కడెక్కడి నుంచో పోగుచేసినవి. అలాంటి మెషీన్‌కి క్లోనింగే దారి: పాత డిస్క్ మీద ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఎస్‌ఎస్‌డీ మీదికి దించడం. కొన్ని కంపెనీలు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ తామే ఇస్తాయి. ఉచితంగా దొరికే క్లోన్‌జిల్లా ఉంది కానీ, మామూలుగా అది పెద్ద డిస్క్ నుంచి చిన్నదానికి ఒప్పుకోదు. 500 జీబీ నుంచి 240కి వెళ్లాలంటే డి, ఇ డ్రైవ్‌లని వదిలేసి సి డ్రైవ్‌ని, దాని ముందుండే చిన్న సిస్టం పార్టిషన్‌ని మాత్రమే తీసుకునే సాఫ్ట్‌వేర్ కావాలి.

క్లోనింగ్‌కి ముందు చూడాల్సింది పాత డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాం డిస్క్ తన గురించి తాను రాసుకున్న చిట్టాని చూపిస్తుంది. నీలం రంగులో గుడ్ అని ఉంటే సరే. పసుపు రంగు వచ్చి, 05, సీ5 వరసల్లో సున్నా కాకుండా అంకెలు కనిపిస్తే డిస్క్‌లో పాడైన చోట్లు ఉన్నట్టు. అప్పుడు క్లోనింగ్ కాదు, ముందు ముఖ్యమైన డేటాని వేరే చోటికి కాపీ చేసుకోవాలి. చచ్చిపోతున్న డిస్క్‌ని గంటల తరబడి మొదటి నుంచి చివరి దాకా చదివిస్తే మధ్యలోనే ప్రాణం వదలొచ్చు. సీ7 వరసలో అంకె పెరుగుతుంటే మాత్రం డిస్క్ కన్నా ముందు కేబుల్‌ని అనుమానించాలి.

బయోస్‌లో సాటా మోడ్ పాత పద్ధతి ఐడీఈ అని ఉందా, ఏహెచ్‌సీఐ అని ఉందా అన్నది కూడా ముందే చూడాలి. ఆ రోజుల్లో ఎక్స్‌పీ వేయడానికి ఐడీఈలో పెట్టి అలాగే వదిలేసిన బోర్డులు చాలా ఉన్నాయి. ఏహెచ్‌సీఐలో ఎస్‌ఎస్‌డీ బాగా పనిచేస్తుంది. కానీ విండోస్‌కి చెప్పకుండా మోడ్ మార్చేస్తే నీలం తెర వచ్చి మొరాయిస్తుంది. విండోస్ 10లో అయితే సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్ మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచాక మళ్లీ మామూలు చేస్తే సరిపోతుంది. క్లోన్ అయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ తీగ ఊడదీసి పెట్టాలి. రెండూ ఒకే గుర్తుతో ఉంటాయి కాబట్టి విండోస్ తికమకపడి ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది, కొన్నిసార్లు పాతదాని నుంచే లేచి, ఎస్‌ఎస్‌డీ వేసినా తేడా లేదే అనిపిస్తుంది. డిజిటల్ లైసెన్సున్న విండోస్ 10 బోర్డుకి ముడిపడి ఉంటుంది, డిస్క్ మారితే పోదు. అకౌంటింగ్ ప్యాకేజీల సంగతి అలా కాదు, కొన్ని డిస్క్ మారగానే లైసెన్సు మళ్లీ అడుగుతాయి. మార్చి నెలాఖరులో లెక్కలు ముగిసే వేళ ఈ పని పెట్టుకోకపోవడం అందుకే మంచిది.

కరెంటు గురించి విడిగా చెప్పుకోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, ఈ రెండు జిల్లాలకీ తుపాను అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తుపాను లేని రోజుల్లోనూ చినుకు పడితే కరెంటు పోయే పల్లెలున్నాయి. కదిలే భాగాలు లేవు కాబట్టి ఎస్‌ఎస్‌డీకి కరెంటు కోత భయం లేదని ఒక నమ్మకం ఉంది. అది తప్పు. ఏ సమాచారం ఏ చిప్పులో ఉందో చెప్పే పట్టికని ఎస్‌ఎస్‌డీ ఎప్పటికప్పుడు మార్చి రాసుకుంటూ ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలో కరెంటు పోతే మామూలు రకాల్లో దాన్ని కాపాడే కెపాసిటర్లు ఉండవు, సర్వర్ రకాల్లోనే ఉంటాయి. హార్డ్ డిస్క్ పోయే ముందు టకటక చప్పుడు చేసి, నాలుగు రోజులు సతాయించి పోతుంది. ఎస్‌ఎస్‌డీ నిన్న సాయంత్రం దాకా బాగుండి పొద్దున్న బయోస్‌లో కనిపించకుండా పోవచ్చు. పోయాక డేటా తీయడం కూడా హార్డ్ డిస్క్ కన్నా కష్టం, డిలీట్ చేసిన ఫైళ్లనైతే ట్రిమ్ అనే ఏర్పాటు లోపల్లోపల నిజంగానే చెరిపేస్తుంది. కాబట్టి యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి, అది ఉత్త ఎక్స్‌టెన్షన్ బాక్సులా మిగిలిన షాపులో ముందు బ్యాటరీ మార్చాలి. విండోస్, ప్రోగ్రాములు ఎస్‌ఎస్‌డీ మీద, పని ఫైళ్లు పాత డిస్క్ మీద, వాటి నకలు ఇంకోచోట: పాత డిస్క్ ఆరోగ్యం బాగుంటే ఈ పంపకం బాగా కుదురుతుంది.

ఈ మొత్తం ఖర్చు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది డిస్క్ కన్నా విండోస్ చేతిలో ఉంది. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, నమోదు చేసుకున్నవాళ్లకి ఏడాది పొడిగింపు ఇచ్చారు. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో జనరేషన్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది. హెచ్61 ఆ దరిదాపుల్లో లేదు. నిబంధన తప్పించి 11 వేసి ఇచ్చే షాపులున్నాయి, నడుస్తుంది కూడా, కానీ తర్వాతి పెద్ద అప్‌డేట్ వస్తుందో రాదో భరోసా లేదు. కోర్ 2 డ్యుయోకి ఆ దొడ్డిదారి కూడా మూసుకుపోయింది, విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి అడిగే కొన్ని ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లు వాటిలో అసలు లేవు. ఇంట్లో పిల్లల చదువుకి, బ్రౌజింగ్‌కి లినక్స్ మింట్ వేస్తే ఎస్‌ఎస్‌డీ ఉన్న హెచ్61 మెషీన్ ఇంకా కొన్నేళ్లు హాయిగా నడుస్తుంది. నెట్ సెంటర్‌కి అది కుదరదు, వేలిముద్ర యంత్రాల డ్రైవర్లు ఎక్కువగా విండోస్‌కే వస్తాయి. డబ్బులు, ఆధార్, బ్యాంకు పనులు జరిగే మెషీన్‌ని అప్‌డేట్లు లేని విండోస్ మీద నడపడం ప్రమాదం, దానికి ఎస్‌ఎస్‌డీ మందు కాదు. దీనికి ఎదురుగా, ఇంటర్నెట్ తీగే లేని పేజ్‌మేకర్ మెషీన్ విండోస్ 7తోనే ఉన్నా పెద్ద నష్టం లేదు. 7కి ట్రిమ్ తెలుసు, ఎక్స్‌పీకి తెలియదు. పెన్ డ్రైవ్‌లతో వచ్చే వైరస్‌ల సంగతి మాత్రం చూసుకోవాలి.

చివరగా ఊడదీసిన డిస్క్. వాడకపోతే పాత సామాన్లవాడికి వేసేయడమే ఇక్కడి పద్ధతి. నెట్ సెంటర్ డిస్క్‌లో ఏళ్ల తరబడి జనం స్కాన్ చేయించుకున్న ఆధార్ కార్డులు, పట్టాదారు పాసు పుస్తకాలు, పదో తరగతి మార్కుల జాబితాలు ఉంటాయి. స్టూడియో డిస్క్‌లో ఇంటింటి పెళ్లిళ్లు. క్విక్ ఫార్మాట్ కొడితే అవి పోవు, ఉచితంగా దొరికే రికవరీ ప్రోగ్రాంతో తిరిగి వచ్చేస్తాయి. విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే ప్రోగ్రాంలో ఆ డిస్క్‌ని ఎంచుకుని క్లీన్ ఆల్ అని ఇస్తే మొదటి నుంచి చివరి దాకా సున్నాలు రాస్తుంది. 500 జీబీకి గంటన్నర, డిస్క్ నీరసంగా ఉంటే ఇంకాస్త. డిస్క్ నంబరు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి, పొరపాటున కొత్త ఎస్‌ఎస్‌డీ నంబరు కొడితే వెనక్కి తీసుకునే దారి లేదు. అసలు లేవని డిస్క్ అయితే మూత విప్పి, పళ్లేలకి మేకుతో నాలుగు లోతైన గీతలు గీసి అప్పుడు ఇవ్వాలి. వాటి పక్కన, తలని కదిపే అయస్కాంతాలు చాలా బలమైనవి, తీసేటప్పుడు వేళ్లు జాగ్రత్త.